పోయిన ఫైళ్ళు, మిగిలిన ప్రతులు: ఎట్టయపురం నుంచి మన సంఘం దాకా

ఈసారి రాత కొంచెం పొడుగు. తీరిక చూసుకుని చదవండి.

విరుదునగర్ స్టేషన్‌కు రైల్వే కోడ్ ఏమిటో గమనించారా? వి.పి.టి. నగర్ అన్న పేరుకు పి.టి. ఎక్కడి నుంచి వచ్చిందని కుర్రవాళ్ళు అడుగుతుంటారు. 1923 దాకా ఆ ఊరి పేరు విరుదుపట్టి. పేరు మారి నూరేళ్ళు దాటింది. టికెట్టు మీద, చార్టు మీద, కంప్యూటర్ తెర మీద పాత పేరు మూడు అక్షరాల్లో ఇంకా బతికే ఉంది. మన కోవిల్‌పట్టి కోడ్ సి.వి.పి. ఇంగ్లీషువాళ్ళు మన ఊరి పేరును సి అక్షరంతో రాసిన రోజుల గుర్తు అది. ఈ పాత పేర్లను కాపాడాలని ఎవరూ కంకణం కట్టుకోలేదు. వేల చోట్ల, వేల చేతుల్లో రాసి ఉన్నాయి కాబట్టి మిగిలాయి.

ఈ మాట ఇప్పుడెందుకంటే, సంఘం ఆఫీసు కంప్యూటర్ ఆగిపోయినప్పటి నుంచి వాట్సాప్ గుంపులో ఒకటే ప్రశ్న వస్తోంది: అంతా పోయిందా? రికార్డులు చూసే మా నలుగురినీ దానికి జవాబు రాయమని కార్యవర్గం అడిగింది. చాలా వరకు దొరికింది, కొంత దొరకలేదు. జవాబు ఇంతే. అయితే దొరికినది ఎందుకు దొరికింది, దొరకనిది ఎందుకు దొరకలేదు అన్నది అందరికీ తెలియాలి. అది తెలియకపోతే ఇంకో ఐదేళ్ళకు మళ్ళీ ఇదే ప్రశ్న వస్తుంది. అందుకని కొంచెం చరిత్ర చెప్పి, తర్వాత మన కంప్యూటర్ దగ్గరికి వస్తాం.

ముందు మాకు తెలిసిన రైల్వే సంగతి. కంప్యూటర్లు రాకముందు కూడా రైల్వేలో బ్యాకప్ ఉండేది, ఆ పేరు మాత్రం లేదు. ఎక్సెస్ ఫేర్ టికెట్టు రాసేటప్పుడు మధ్యలో కార్బన్ కాగితాలు పెట్టి గట్టిగా ఒత్తి రాసేవాళ్ళం. ఒక ప్రతి ప్రయాణికుడికి, ఒకటి అకౌంట్స్ ఆఫీసుకు, ఒకటి రికార్డుకు. స్టేషన్‌లో వాన నీళ్ళు పడి పుస్తకం నానిపోయినా అకౌంట్స్ వాళ్ళ దగ్గర ప్రతి ఉంటుంది. అక్కడ పోతే ఇక్కడ ఉంటుంది. మూడు ప్రతులూ ఒకే బీరువాలో ఉంటే కార్బన్ ఖర్చు దండుగ. కొత్తగా చేరిన గుమాస్తాకు పెద్దలు నేర్పే మొదటి పాఠం ఇదే.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. 1985లో ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్ మీదికి ఎక్కింది. ఆ తర్వాత పెద్ద నగరాల్లో ఒక్కో కేంద్రం ఏర్పడింది. మొదట్లో దేని లెక్క దానిదే. కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేరును రైల్వే సమాచార సంస్థ క్రిస్ తయారు చేసింది. దాన్ని మొట్టమొదట 1994లో సికిందరాబాదులో నడిపారు. 1999 కల్లా ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికిందరాబాదు కేంద్రాలు ఐదూ ఒకదానితో ఒకటి కలిశాయి. అంత పెద్ద యంత్రాంగం వచ్చాక కూడా బండి బయలుదేరే ముందు చార్టు కాగితం మీద అచ్చు వేసి టీటీఈ చేతికి ఇచ్చేవాళ్ళు. లైన్ తెగినా, యంత్రం ఆగినా ఆ రాత్రి ఎవరి బెర్తు ఎవరిదో ఆ కాగితం చెబుతుంది. ఒక ఘడియలో ఉన్న లెక్కను ఉన్నది ఉన్నట్టు పట్టి ఉంచే ప్రతి అది. ఈ చార్టును గుర్తుపెట్టుకోండి. మన సభ్యుల రిజిస్టరు తిరిగి రావడంలో ఇదే సూత్రం పనికొచ్చింది.

ఇక ఎట్టయపురం. కోవిల్‌పట్టిలో బస్సెక్కితే అరగంట. భారతి పుట్టిన ఊరని మన పిల్లలకు స్కూల్లో చెబుతారు. అదే ఊళ్ళో తెలుగులో జరిగిన ఒక పెద్ద పని గురించి ఎవరూ చెప్పరు. ఎట్టయపురం పాలకులు ఎట్టప్ప నాయకులు, తెలుగు మాట్లాడే కంబళ నాయకుల వంశం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ సంస్థానంలో ఆస్థాన విద్వాంసుడు. ముత్తుస్వామి దీక్షితులు కూడా చివరికి ఎట్టయపురం వచ్చి, 1835లో దీపావళి నాడు అక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. అంత పెద్ద సంగీతం ఆ రోజు ఎక్కడ ఉంది? కొంత శిష్యుల గొంతుల్లో, కొంత తమ్ముడి గొంతులో, వేళ్ళలో. బాలుస్వామి తన కూతురి కొడుకైన సుబ్బరామ దీక్షితులను దత్తత తీసుకుని నేర్పారు. సుబ్బరాముడు పుట్టింది 1839లో. అంటే పెద్దతాత పోయిన నాలుగేళ్ళకు. ముత్తుస్వామి దీక్షితులు పాడగా ఆయన ఒక్కసారి కూడా వినలేదు. విన్నదంతా బాలుస్వామి ద్వారానే. 1859లో బాలుస్వామి పోయేనాటికి ఆ కుర్రవాడికి ఇరవై ఏళ్ళు. ఆ ఇంటి సంగీతం ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి మారింది. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు కాపీ అయింది. ఇంకో ప్రతి ఎక్కడుందో, ఎంత సరిగా ఉందో ఎవరికీ తెలియదు. శిష్యుల పరంపరల్లో పాటలు మారుతూ పోతున్నాయి.

అప్పుడు మద్రాసు సెక్రటేరియట్‌లో పనిచేసే ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ అనే ఆయన ఈ ప్రమాదం గుర్తించారు. మాలాంటి ఆఫీసు ఉద్యోగే. 1890లలో ఆయన మన పాటలను యూరప్ వాళ్ళ స్వరలిపిలో అచ్చు వేయడం మొదలుపెట్టారు. దీక్షితుల కీర్తనల కోసం సుబ్బరామ దీక్షితులను ఆశ్రయించారు. మీ దగ్గర ఉన్నదంతా అచ్చులోకి రావాలని ఆయన పట్టుబట్టారు. ఎట్టయపురం రాజావారు పూనుకున్నారు. 1904లో ఎట్టయపురంలోనే విద్యావిలాసినీ ముద్రణాలయంలో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చయింది. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం. తెలుగు భాష, తెలుగు లిపి. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు 229, స్వరాలతో సహా. 76 మంది సంగీతకారుల, పండితుల చరిత్రలు. 72 మేళాల వరసలో రాగాల లక్షణాలు, గీతాలు, తానాలు. అరవై ఐదేళ్ళ మనిషి తన బుర్రలో ఉన్నదంతా బయటికి తీసి ప్రపంచం చేతిలో పెట్టారు. రెండేళ్ళకు, 1906లో, ఆయన పోయారు. భారతి ఆయన మీద ఒక స్మృతి పద్యం రాశారు.

ఇందులో మనం నేర్చుకోవాల్సినవి మూడు ఉన్నాయి.

ఒకటి. స్వరాలు మాత్రమే రాసి ఆయన ఊరుకోలేదు. స్వరం ఎలా ఊగాలో, ఎక్కడ నొక్కాలో, ఎక్కడి నుంచి ఎక్కడికి జారాలో చెప్పడానికి కంపితం, స్ఫురితం, నొక్కు, జారు లాంటి గమకాలకు వేరు వేరు గుర్తులు పెట్టి, ఏ గుర్తుకు ఏమి అర్థమో పుస్తకంలోనే వివరించారు. మరుసటి ఏడు, 1905లో, మొదట నేర్చుకునేవాళ్ళ కోసం ప్రథమాభ్యాస పుస్తకము అని ఇంకో పుస్తకం వేశారు. దాచిన వస్తువుతో పాటు దాన్ని తెరిచే తాళంచెవి కూడా ఇచ్చి పోయారన్న మాట.

రెండు. ఆయనకు కూడా అంతా దొరకలేదు. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు 108 రాగతాళాలతో ఒక మాలిక కట్టారు. ఈరోజు మనకు అందులో 61 భాగాలే ఉన్నాయి, అవి ఈ పుస్తకం వల్లే ఉన్నాయి. మిగిలిన 47 పోయాయి. అవి గొప్పవి కావు కాబట్టి పోలేదు. వాటికి ఇంకో ప్రతి లేదు కాబట్టి పోయాయి. పోగొట్టుకునేటప్పుడు కాలం మంచీ చెడ్డా చూడదు.

మూడు. ఆ పుస్తకం ఒక్క ఊళ్ళో ఆగలేదు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ దాన్ని తమిళ లిపిలోకి తెచ్చి 1961 నుంచి 1983 వరకు ఐదు సంపుటాలుగా వేసింది. తర్వాత ఇంగ్లీషులోకి మార్చి ఇంటర్నెట్‌లో పెట్టారు. తెలుగు మూలం స్కాన్ పేజీలు కూడా దొరుకుతాయి. ఇవాళ ఒక పాట అసలు ఎలా ఉండేదని సంగీత విద్వాంసులకు సందేహం వస్తే ఈ పుస్తకం తెరుస్తారు. ఎవరూ పాడక ఆగిపోయిన రచనలను అందులోని గుర్తులు చూసి మళ్ళీ కట్టి పాడుతున్నారు. దీన్నే కంప్యూటర్ వాళ్ళు రిస్టోర్ అంటారు. బ్యాకప్ తీసుకోవడం సగం పని. తిరిగి పాడించగలగడం మిగతా సగం.

ఇప్పుడు కంప్యూటర్ కాలపు కథ ఒకటి. ఇదీ తెలుగువాళ్ళకు బాగా దగ్గరది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికా వెళ్ళిన రాజ్ రెడ్డిగారు కంప్యూటర్ రంగంలో అతి పెద్దదైన ట్యూరింగ్ బహుమతిని 1994లో అందుకున్నారు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా అందించాలన్న మిలియన్ బుక్ ప్రాజెక్టులో ఆయన ముందున్నారు. దాని భారత శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు ఆ పని చేశాయి. 2003లో మన రామేశ్వరం బిడ్డ, అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. వేల తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. లైబ్రరీల్లో చెదలు పడుతున్న నాటకాలు, శతకాలు, పాత పత్రికలు, వైద్య గ్రంథాలు ఇంట్లో కూర్చుని చదివే రోజు వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఎప్పుడో అచ్చయిన తెలుగు పుస్తకాన్ని కోవిల్‌పట్టిలో చూడగలిగాం.

ఆ సైటు తరచూ పనిచేసేది కాదు. పేజీ పేజీ విడిగా తెరవాలి. తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తలో రకంగా టైపు చేసి ఉండేవి, ఉన్న పుస్తకం కూడా వెతికితే కనబడేది కాదు. చివరికి కాపీరైటు చిక్కుల నడుమ ఆ సైటు మూతపడింది. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. కానీ ప్రజలకు చెందిన సమాచారం ప్రజలకు ఉచితంగా అందాలని పోరాడే కార్ల్ మాలమూడ్ అనే అమెరికన్ అప్పటికే ఆ సైటు నడుస్తుండగానే పుస్తకాలకు ప్రతులు తీసి పెట్టారు. నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించారు. అక్కడ ఏదైనా పాత తెలుగు పుస్తకం తెరిచి దాని చిరునామా చూడండి. ఇన్ ఎర్నెట్ డీఎల్ఐ 2015 అని మొదలై తర్వాత ఒక అంకె ఉంటుంది. అది మూతపడిన సైటు చిరునామా. విరుదుపట్టి వి.పి.టి.లో బతికినట్టు ఆ పాత లైబ్రరీ ఈ అంకెల ముందు బతికి ఉంది.

పెద్ద కంపెనీలకు ఇలాంటి బాధలు ఉండవని అనుకోకండి. 1998లో పిక్సార్ వాళ్ళు టాయ్ స్టోరీ 2 సినిమా తీస్తున్నప్పుడు ఒక తప్పుడు ఆదేశం వల్ల సినిమా ఫైళ్ళు వరసగా చెరిగిపోయాయి. బ్యాకప్ తెరిస్తే అది సరిగా లేదు. ఆ జట్టులోని గేలిన్ సుస్మన్ అనే ఆవిడకు అప్పుడే బిడ్డ పుట్టింది. ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఇంట్లో ఒక ప్రతి పెట్టుకుంది. ఆ ఇంటి ప్రతే సినిమాను కాపాడింది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు రాత్రి పొద్దుపోయాక పనిచేస్తూ అసలు డేటాబేస్ ఉన్న ఫోల్డరునే తుడిచేశాడు. సుమారు 300 గిగాబైట్లు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయనుకున్నారు. అవసరమైన రాత్రి ఐదింటిలో ఏదీ సరిగా పనిచేయలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక ప్రతి ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల లెక్క మాత్రం పోయింది. బ్యాకప్ ఉందనుకోవడం వేరు, తెరిచి చూసి ఉందని తెలుసుకోవడం వేరు.

ఇంత చెప్పాక మన కంప్యూటర్ దగ్గరికి వద్దాం.

కరెంటు పోయి వచ్చిన ఒక సాయంత్రం తర్వాత మన కంప్యూటర్ తెరుచుకోలేదు. రిపేరు కొట్టులో ఫార్మాట్ చేసి మళ్ళీ విండోస్ ఎక్కిస్తే సరిపోతుందన్నారు. మన సంఘంలో ఆ చదువు చదివిన ఒక అమ్మాయి వద్దని ఆపింది. ఆమె చెప్పిన కారణం అందరూ తెలుసుకోవాలి. హార్డ్ డిస్కులో ఫైలు చెరిగిపోయిందంటే, చాలాసార్లు చెరిగేది దాని పేరు, దాని చోటు చెప్పే పట్టిక మాత్రమే. లైబ్రరీలో కార్డు చింపేసినట్టు. పుస్తకం ఇంకా అరలోనే ఉంటుంది. కానీ ఆ అర ఖాళీ అనుకుని దాని మీద కొత్తది రాస్తే పాతది నిజంగా పోతుంది. అందుకని ఫైలు పోయిందని తెలిసిన క్షణం నుంచి ఆ యంత్రంలో ఏదీ రాయకూడదు, ఏదీ ఎక్కించకూడదు. వెంటనే ఆపేయాలి. డిస్కు నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే అసలు మళ్ళీ వేయకూడదు, తెలిసినవాళ్ళకు ఇవ్వాలి. ఇప్పటి కొత్త రకం ఎస్ఎస్‌డీల్లో చెరిపిన చోటును యంత్రమే శుభ్రం చేసేస్తుంది. అక్కడ తిరిగి దొరికే ఆశ చాలా తక్కువ.

ఆమె డిస్కును బయటికి తీసి, దాని మీద ఏమీ రాయకుండా మొత్తం డిస్కుకు మక్కికి మక్కి ఒక ప్రతి ముందుగా తీసుకుంది. పని అంతా ఆ ప్రతి మీదే చేసింది. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు వాడింది. మొదటిది చెడిపోయిన పట్టికను బాగుచేయడానికి చూస్తుంది. రెండోది పట్టికను పట్టించుకోకుండా డిస్కు మొత్తం గాలించి, ఫోటో ఎలా మొదలవుతుంది, పాట ఎలా మొదలవుతుంది అన్న గుర్తులను బట్టి ఏరుకుంటుంది.

అలా ఏరగా మూడు రకాల ఫలితాలు వచ్చాయి.

మొదటిది ఫోటోలు. పెళ్ళిళ్ళు, కుంభాభిషేకాలు, సంఘం వార్షికోత్సవాలు. చాలా వరకు వచ్చాయి. కానీ పేర్లు లేకుండా వచ్చాయి. ఒక్కో ఫోటోకు ఒక అంకె తప్ప ఏ ఊరు, ఏ ఏడు, ఎవరి పెళ్ళి అన్నది లేదు. డిజిటల్ లైబ్రరీలో పేరు తెలియక కనబడని పుస్తకాల లాంటివే ఇవి. ఈ ఫోటోల పట్టిక ఇప్పుడు పెద్దవాళ్ళ జ్ఞాపకంలో మాత్రమే ఉంది.

రెండోది సభ్యుల రిజిస్టరు. ఫైలు దెబ్బతిని తెరుచుకోలేదు. కానీ వార్షిక సభకు ముందు దాన్ని విరుదునగర్ శాఖకు ఈమెయిల్‌లో పంపారు. అక్కడివాళ్ళు అచ్చు కూడా వేసి ఫైలు చేశారు. ఆ తేదీ వరకు లెక్క అక్షరం పోకుండా దొరికింది. ఆ తర్వాత చేరినవాళ్ళను, కట్టిన చందాలను రసీదు పుస్తకాల్లో మిగిలిన అర ముక్కలు చూసి ఒక్కొక్కటిగా ఎక్కించాం. నాలుగు రోజులు పట్టింది. మొత్తం సరిపోయింది. బండి చార్టు, దాని తర్వాత టీటీఈ రాసిన ఎక్సెస్ ఫేర్ పుస్తకం, ఈ రెండూ కలిపితే ఆ రాత్రి లెక్క ఎలా వస్తుందో అలా వచ్చింది. పెద్ద బ్యాంకుల డేటాబేస్‌లు కూడా ఇలాగే కోలుకుంటాయట: ఒక రోజు తీసిన పూర్తి ప్రతి, ఆ తర్వాత జరిగిన ప్రతి మార్పునూ వరసగా రాసిన చిట్టా.

మూడోది మన పెద్దల గొంతులు. ఇది రాయడం కష్టంగా ఉంది. ఊళ్ళు తిరిగి క్యాసెట్లలో పట్టిన పెళ్ళి పాటలు, జోల పాటలు, కృష్ణ దాటి మనవాళ్ళు ఈ నల్లరేగడి నేలకు ఎలా వచ్చారో అవ్వలు చెప్పిన కథలు. క్యాసెట్లను కంప్యూటర్‌లోకి మార్చాక ఇక ఎందుకని క్యాసెట్లను వదిలేశారు. డిస్కు నుంచి కొన్ని పూర్తిగా వచ్చాయి. కొన్ని సగంలో తెగి వచ్చాయి. కొన్ని అసలు రాలేదు. తెగిపోయిన వాటిలో రెండు పాటలు ఒక మనవరాలి ఫోన్‌లో దొరికాయి, ఎప్పుడో అవ్వ గొంతు వినాలనిపించి తన దగ్గరికి పంపించుకుందట. ఎవరూ ఎవరికీ పంపుకోని పాటలు ఇక లేవు. పాడిన అవ్వలూ లేరు. రామస్వామి దీక్షితుల మాలికలో పోయిన 47 భాగాల పక్కన మన అవ్వల పాటలు కూడా చేరాయి.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. రిజిస్టరు ఇంకో ఊళ్ళో, ఇంకొకరి చేతిలో, కాగితం మీద కూడా ఉంది కాబట్టి పూర్తిగా వచ్చింది. పాటలు ఒకే డబ్బాలో ఉన్నాయి కాబట్టి పోయాయి. కంప్యూటర్ వాళ్ళు దీన్ని మూడు రెండు ఒకటి అంటారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. మన రైతులకు ఇది చెప్పనక్కరలేదు. వచ్చే కారుకు దాచిన విత్తనమంతా ఒకే కుండలో ఎవరూ పెట్టరు.

అయితే ఎట్టయపురం పుస్తకం ఇంకొకటి కూడా చెబుతోంది. అదే మాకు ఎక్కువ దిగులు. ఆ పుస్తకం మనకు అరగంట దూరంలో, మన భాషలో అచ్చయింది. ఇవాళ మన పిల్లలకు దాని స్కాన్ పేజీ చూపిస్తే ఒక్క అక్షరం చదవలేరు. మాలాంటివాళ్ళం తమిళ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక స్టేషన్ బోర్డులు చూసి, పాత చందమామలు కొనుక్కుని కూడబలుక్కున్నాం. ఇంట్లో తెలుగు మాట్లాడే చాలామందికి ఆ కూడబలుక్కోవడం కూడా లేదు. ప్రతి భద్రంగా ఉంది. తెరిచే తాళంచెవి మన చేతిలో లేదు. పాత ఫ్లాపీ చేతిలో ఉండి దాన్ని చదివే యంత్రం లేనట్టుంది మన పరిస్థితి.

తమిళాన్ని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. మనకు చదువు, ఉద్యోగం, గౌరవం ఇచ్చింది తమిళమే. ఇడైసెవల్ కి. రాజనారాయణన్‌గారు మనవాళ్ళ వలస కథను గోపల్ల గ్రామం అనే నవలగా తమిళంలో రాయబట్టే అది ఈరోజు లోకానికి తెలిసింది. దాని తర్వాతి భాగం గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కరిసల్ నేల మాటలను ఏరి ఒక నిఘంటువు కూడా ఆయన చేశారు. మన కథకు తమిళంలో ఒక మంచి ప్రతి ఉందన్న మాట. కానీ ఆయన వయసువాళ్ళ ఇళ్ళలో పలికిన తెలుగు, అటు ఆంధ్రలో వినబడని ఆ పాత మాటలు, వాటికి ప్రతి ఎక్కడుంది? సగం తెగిన ఎంపీత్రీల్లో, డెబ్బై దాటినవాళ్ళ నోళ్ళలో.

కాబట్టి సంఘం సభ్యులను ఈ పనులు కోరుతున్నాం.

ఇంట్లో పాత క్యాసెట్లు, సీడీలు, మెమరీ కార్డులు, పాడైన ఫోన్లు ఉంటే పారేయకండి. వాటిని తెరవడానికి మీరు ప్రయత్నించకుండా అలాగే తెచ్చి ఇవ్వండి. ప్రతి తీసుకుని అసలు మీకే తిరిగి ఇస్తాం.

పేర్లు లేని ఫోటోలను నెలకోసారి ఆదివారం కోవిల్‌పట్టిలో ఒకసారి, విరుదునగర్‌లో ఒకసారి పెద్ద తెర మీద వేస్తాం. పెద్దవాళ్ళను తీసుకురండి. ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు అని వాళ్ళు చెబుతుంటే పిల్లలు రాసుకోవాలి.

సంఘం రికార్డు ఇక మూడు చోట్ల ఉంటుంది: ఆఫీసులో ఒకటి, విరుదునగర్ శాఖలో విడి డిస్కు మీద ఒకటి, ఇంటర్నెట్‌లో ఒకటి. ఆఫీసులో మార్చగానే మిగతా రెండింటిలో తనంతట తాను మారిపోయే ఏర్పాటు మాత్రం వద్దు. అలా అయితే ఇక్కడ చెరిగింది అక్కడ కూడా చెరుగుతుంది. ఆరు నెలలకోసారి ఆ ప్రతులను సభ్యుల ముందు తెరిచి చూపిస్తాం. తెరుచుకోని ప్రతిని లెక్కలో వేయం.

చివరిది. సెలవుల్లో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే తరగతి పెట్టాలని మా కోరిక. పెద్ద పండితులు అక్కర్లేదు. అక్షరాలు, గుణింతాలు వస్తే చాలు. నేర్చుకున్నాక మొదటి పాఠంగా ఆ పిల్లలను ఎట్టయపురం బస్సెక్కించి ముత్తుస్వామి దీక్షితుల సమాధి దగ్గరికి తీసుకుపోయి, సుబ్బరామ దీక్షితుల పుస్తకంలో ఒక్క పేజీ చదివిద్దాం. ఎవరు చెప్పగలరో, ఎవరు చోటు ఇవ్వగలరో కార్యదర్శికి ఈ నెలాఖరులోగా తెలపండి.

మీ ఇంట్లో డెబ్బై దాటిన అవ్వ, తాత ఎవరైనా ఉంటే ఈ రాత్రే ఫోన్‌లో ఒక పాటో, ఒక కథో పట్టండి. పట్టి మీ దగ్గరే ఉంచుకోకుండా ఇంకో ఇద్దరికి పంపండి.